తండాలో పచ్చ లైటు

రిటైరై జనగామలో ఖాళీగా కూర్చున్నానని తెలిసి, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లు అప్పుడప్పుడు పిలుస్తున్నారు. యాంటెన్నాలు చేసిన మనిషి, పిల్లలకు నాలుగు మంచి మాటలు చెబుతాడని వాళ్ల ఆశ. పోతాను. పిల్లలు మొదట అడిగేది ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని. ఆ తర్వాత జీతం ఎంత ఇస్తారని. రెండింటికీ నా దగ్గరున్నవి పాతబడ్డ జవాబులే. ఈ పనిలో సిగ్గుతో తల దించుకోవాల్సి వస్తుందా అని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. వస్తుంది. నాకు వచ్చింది. అదే రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వాటితో మీకేం పని?

పని ఏమిటంటే

మా నాన్నను అబ్బా అనేవాళ్లం. ఆయన జనగామలో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. నా పని చూడ్డానికి ఒకసారి హైదరాబాదు వచ్చి, నేను టంకం పెడుతుంటే కాసేపు నిలబడి చూశాడు. మన పనే చేస్తున్నావు, గిన్నె చిన్నదైంది, అంతే అని నవ్వాడు. ఆయన అన్నది పెద్ద తప్పేమీ కాదు.

ప్యాచ్ యాంటెన్నా అంటే పలచని బోర్డు. కింద అంతా రాగి రేకు, పైన చిన్న రాగి ముక్క. ఆ ముక్క కొలతను బట్టి అది ఏ తరంగాన్ని పంపుతుందో, ఏది అందుకుంటుందో తేలుతుంది. పెట్టె చిన్నదిగా ఉండాలంటాడు కొనేవాడు. మూడు రకాల తరంగాలకు మూడు యాంటెన్నాలు పెట్టే చోటు లేదు, ఒకదానితోనే కానివ్వమంటాడు. అప్పుడు మేం ఆ రాగి ముక్కలో సన్నటి గాట్లు పెడతాం, మెలికలు తిప్పుతాం. విద్యుత్తు ఆ గాట్ల చుట్టూ తిరిగి పోవాలి కాబట్టి చిన్న ముక్క కూడా పెద్దదానిలా పనిచేస్తుంది. ఒకే ముక్కలో రెండు, మూడు రకాల తరంగాలు, మా భాషలో బ్యాండ్లు, ఇమిడిపోతాయి. వెంట్రుకంత తేడా వస్తే మళ్లీ మొదటికే. నాకు ఆ పనంటే పిచ్చి. తిండి కూడా మరిచిపోయేవాణ్ణి.

ఇక మా కొలత సంగతి. యాంటెన్నాలోకి శక్తి పంపితే కొంత లోపలికి పోతుంది, కొంత వెనక్కి తిరిగొస్తుంది. ఎంత తిరిగొచ్చిందో మీటరు తెర మీద గీతలా కనిపిస్తుంది. సరైన బ్యాండు దగ్గర గీత ఒక్కసారిగా కిందికి గుంత పడుతుంది. గుంత ఎంత లోతుంటే మాకంత సంబరం. ఆ బొమ్మను అచ్చు వేయించి గోడకు అంటించుకున్నవాళ్లున్నారు. నేనూ అంటించాను.

కానీ ఆ గుంత చెప్పేది ఒక్కటే. శక్తి తిరిగి రాలేదని. ఎక్కడికి పోయిందో అది చెప్పదు.

సత్యమూర్తి గారు

నా మొదటి బాస్ సత్యమూర్తి గారిది గోదావరి వైపు. మొదట్లో నా మాటను ఆటపట్టించేవాడు. "గిట్ల ఏమిటయ్యా, ఇలా అనలేవా?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కొన్నేళ్లు గడిచాక ఆయనే ఫోనులో ఎవరితోనో "గట్లనే చెయ్" అంటుంటే విని, టీ పొలమారి దగ్గుతూ బయటికి పరుగెత్తాను.

భూపాలపల్లిలో రెండు భవనాల మధ్య ఒక మైక్రోవేవ్ లింకు పెట్టాల్సి వచ్చింది. యాంటెన్నా నాదే. మీటరు ముందు బంగారంలా ఉంది. అయినా ఆయన నన్ను డాబా మీద ఎండలో నిలబెట్టి, యాంటెన్నాను చెక్క స్టూలు మీద పెట్టించి, కొంచెం కొంచెంగా తిప్పమన్నాడు. తను అవతలి డాబా మీద మీటరు పట్టుకుని, చెవికి ఫోను పెట్టుకుని "తిప్పు. ఆగు. మళ్లీ తిప్పు" అంటూనే ఉన్నాడు. గాలికి బొగ్గు దుమ్ము వచ్చి నా చొక్కా రంగు మారింది. భోజనం దగ్గర గొణిగాను.

"మీటరు బాగుందని చూపెట్టింది గద సార్. మళ్ల గీ ఎండల తిప్పుడెందుకు?"

"అన్నం తిన్నాడా లేదా అన్నదొకటి, తిన్నది ఒంటికి పట్టిందా అన్నది ఇంకొకటి యాకూబ్. నీ మీటరు మొదటిదే చెబుతుంది."

గాల్లో ఎంత దూరం పోతోందో కొలవకుండా ఏ డిజైనూ గడప దాటకూడదన్నది ఆయన నియమం. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. కూర్చుని మొట్టమొదట ఎత్తేసింది ఆ నియమాన్నే. పక్కాగా కొలవాలంటే తరంగాలు గోడలకు తగిలి తిరిగిరాని గది కావాలి, అది వేరేచోట ఉండేది, ముందుగా అడిగి పెట్టుకోవాలి. కొనేవాడు తొందర పెట్టేవాడు. అసలు ఆ కొలత ఎవరూ అడిగేవారు కాదు, అందరికీ గుంతల బొమ్మ చాలు. ఇవన్నీ కారణాలే. అయితే అసలు కారణం వేరు. తిప్పావా అని అడిగే మనిషి ఇప్పుడు లేడు.

పెట్టె

మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ వైపు అడవిలో ఉన్న తండాలకు, గూడేలకు సెల్ సిగ్నల్ సరిగా ఉండదు. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు మా కంపెనీకి వచ్చి, ఆశా కార్యకర్త ఇంటి గోడకు బిగించే చిన్న పెట్టె కావాలన్నారు. మీట నొక్కితే ఆ కబురు గుట్ట మీది టవరుకు, అక్కణ్ణించి వాళ్ల ఆఫీసుకు చేరాలి. ఆఫీసు వాళ్లు అంబులెన్సును పంపిస్తారు. పెట్టె అరచేతిలో పట్టాలి. ఖర్చు తక్కువ కావాలి. మూడు బ్యాండ్లు కావాలి.

చేశాను. మంచి మైక్రోవేవ్ బోర్డు ఖరీదెక్కువని, మామూలు సర్క్యూట్లకు వాడే చవక బోర్డు మీద గాట్ల మీద గాట్లు పెట్టి మూడు బ్యాండ్లూ ఇరికించాను. తెర మీద మూడు గుంతలు పడ్డాయి. నా ఉద్యోగంలో అంత లోతు గుంతలు నేనెన్నడూ చూడలేదు. నా కింద పనిచేసే కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నేనే డబ్బులిచ్చి మిఠాయి తెప్పించాను. అంత చవక బోర్డు మీద ఇంత లోతు ఎట్లా వచ్చిందన్న అనుమానం రావాల్సింది. రాలేదు. పొగడ్త చెవిలో పడుతుంటే అనుమానం ఎక్కడ వినపడుతుంది?

ఆ పెట్టెకు ఇంకో సొగసు కూడా చేర్చాను. నొక్కిన మనిషికి కబురు పోయిందని తెలియాలి కదా. యాంటెన్నా నుంచి శక్తి వెనక్కి రాకపోతే ఆకుపచ్చ దీపం వెలిగేలా పెట్టాను. తిరిగి రాలేదంటే గాల్లోకి పోయినట్టే అని నా లెక్క. పచ్చ లైటు వెలిగితే కబురు పోయినట్టని తండా తండాలో చెప్పించాం.

పరీక్ష తునికాకు కోసే రోజుల్లో పెట్టాం. ఎండాకాలం, టేకు చెట్లకు ఒక్క ఆకు లేదు. గుట్ట మీది టవరు కళ్లకే కనిపిస్తోంది. ప్రతి పెట్టె నుంచీ కబురు చేరింది. అందరూ భుజం తట్టారు.

సక్రి

గుట్ట కింద ఒక లంబాడా తండా. అక్కడి ఆశా కార్యకర్త సక్రి. మాట మీద నిలబడే మనిషని ఆమెకు పేరు. ఆమె పొమ్మంటే ఆడవాళ్లు దవాఖానకు పోయేవాళ్లు, వద్దంటే ఆగేవాళ్లు. పెట్టె వచ్చాక, పురుడు దగ్గర పడ్డదని ముందే పట్నం పోయి పరేషాన్ కావద్దు, నేనున్న, డబ్బా ఉంది అని తండా అంతా తిరిగి చెప్పింది.

వానలు పట్టాక ఒక పొద్దున జమ్కు అనే ముసలామె కోడలికి నొప్పులు మొదలయ్యాయి. సక్రి మీట నొక్కింది. పచ్చ లైటు వెలిగింది. వచ్చి కోడలి పక్కన కూర్చుంది. అంబులెన్సు రాలేదు. మళ్లీ పోయి నొక్కింది. మళ్లీ పచ్చ లైటే. పెట్టె లేని రోజుల్లోనైతే ఎవరినో ఒకరిని బండి మీద సిగ్నల్ దొరికే రోడ్డు మలుపు దాకా తరిమేది. ఇప్పుడు లైటు వెలిగింది కదా అని ఆగింది. చివరికి నులక మంచం మీద మోసుకుని, బురదలో రోడ్డెక్కి, దొరికిన బండిలో మహబూబాబాద్ దవాఖానకు చేర్చారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆఫీసుకు మాత్రం ఏ కబురూ రాలేదు. సంస్థ తరఫున అక్కడి పనులు చూసే శ్రీధర్ తండాకు పోయి పెట్టె మీట నొక్కి చూశాడు. లైటు వెలిగింది. అక్కణ్ణించి మలుపు దాకా వచ్చి నాకు ఫోను చేశాడు.

"లైటు మంచిగనే వెలుగుతాంది సార్. ఆమె నొక్కిన అంటాంది. మాకైతే రాలే. ఏమైంటది?"

అప్పుడు నేను అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "లైటు వెలుగుతుందంటే డబ్బా మంచిగున్నట్టే. ఆమెనే నొక్కలే. భయానికి అట్ల చెప్తాంది."

కుర్చీలో వెనక్కి వాలి అన్నాను. తండా ఎట్లుంటుందో చూడలేదు, ఆమె ముఖం చూడలేదు. ఆ మాటను శ్రీధర్ మళ్లీ తండాకు మోసుకుపోయాడు. హైదరాబాదు సారే చెప్పిండన్న పేరుతో అది నిలబడిపోయింది.

వేలికి తగిలిన వేడి

కొన్నాళ్లకు శ్రీధర్ ఆ పెట్టెను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సక్రి గోడ నుంచి పీకేసి, "గీ దయ్యాన్ని తీస్కపో" అని అతని చేతిలో పెట్టిందట. నేను ఊరికే విప్పాను. మీట నొక్కిపెట్టి, పచ్చ లైటు చూసుకుంటూ, యాంటెన్నా మీద అలవాటుగా వేలు పెట్టాను. వెచ్చగా ఉంది.

కళాయి పోసేవాడి కొడుకును. వేడి సంగతి వేలికి తెలుసు. యాంటెన్నా వెచ్చగా ఉండకూడదు. నేను పంపిన శక్తి తిరిగి రాలేదన్నది నిజమే. గాల్లోకి కూడా పోలేదు. ఆ చవక బోర్డులో, నా ముచ్చటైన గాట్లలో వేడిగా మారి చచ్చిపోయింది. గుంతలు అంత లోతుగా పడ్డది కూడా అందుకే. తిన్నాడు, ఒంటికి పట్టలేదు.

డాబా మీదికి తీసుకుపోయి, చెక్క స్టూలు వేసి, సత్యమూర్తి గారు చెప్పినట్టే తిప్పి తిప్పి కొలిచాను. పంపినదాంట్లో పిసరంత బయటికి పోతోంది. ఆకులు రాలిన ఎండాకాలంలో ఆ పిసరు సరిపోయింది. వానకు తడిసిన టేకాకుల మీదుగా పోయే బలం దానికి లేదు. పచ్చ లైటు మాత్రం ఏ కాలంలోనైనా వెలుగుతుంది.

కంపెనీ యజమానికి చెప్పాను. ఆయన "కొత్త మోడల్ వచ్చిందని చెప్పి అన్నీ మార్చెయ్. ఎవరికీ ఏమీ విప్పి చెప్పక్కర్లేదు" అన్నాడు. ఆయన్ని తిట్టి మీ దగ్గర మంచివాణ్ణి కావాలని లేదు. ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది.

మంచి బోర్డు మీద కొత్త యాంటెన్నా చేశాం. టవరు నుంచి జవాబు తిరిగొస్తేనే బీప్ మోగేలా పెట్టాం. దీపం తీసేశాం. బిగించడానికి నేనే బయల్దేరాను. రైలు జనగామలో ఆగినప్పుడు దిగిపోదామనుకున్నాను. ఒంట్లో బాగాలేదని చెబితే ఎవరడుగుతారు? బండి కదిలేదాకా తలుపు దగ్గరే నిలబడి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

జమ్కు అవ్వ వాకిట్లో

తండాకు చేరేసరికి ఆడవాళ్లు జమ్కు వాకిట్లో కూర్చుని ఉన్నారు. సక్రి ఒక్కతే దూరంగా, తన గడపలో. పెట్టె ఇప్పుడు ఎక్కడ బిగించాలని శ్రీధర్ అడిగితే, జమ్కు అవ్వ గొంతు పెంచింది.

"గామె ఇంట్ల వద్దు. డబ్బా మంచిదే, మనిషే మంచిది గాదు. నా మనుమడు పోతాంటే సూస్కుంట కూసున్నది. హైదరబాద్ సారే చెప్పిండు, నొక్కలేదని."

ఆ సారు ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాడని ఆమెకు తెలియదు. శ్రీధర్ నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. సక్రి లేచి నా దగ్గరికి వచ్చింది.

"కొత్త డబ్బా అంటున్నరు. పాతదానికి ఏమైంది సారు?"

"ఏం కాలే. మోడల్ మారింది" అన్నాను.

అవును, అన్నాను. ఆమె కళ్లలోకి చూడకుండా అన్నాను. ఆమె తలూపి, మళ్లీ గడపలోకి పోయి కూర్చుంది. ఆమె తలూపడం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం, అదీ ఈమె ముఖాన. ఈ పెట్టె బిగించి పోతే ఈ తండాలో ఈమె చచ్చేదాకా బిడ్డను చంపిన మనిషిగానే బతకాలి.

"అవ్వా, గా హైదరాబాద్ సారును నేనే" అన్నాను. "సక్రమ్మ నొక్కింది. డబ్బానే అబద్ధం ఆడింది. డబ్బా చేసింది నేనే."

ఎవరూ నమ్మలేదు. "లైటు వెలగలేదా మరి? మేమంత సూసినం గద" అన్నారు. సక్రి ఏడ్చి మొత్తుకుంటే జాలిపడి చెప్తున్నాడు అని ఎవరో అన్నారు. చెడ్డ మాట పట్టుకున్నంత తొందరగా మంచి మాట పట్టుకోదు.

వచ్చేదారిలో పక్క గూడెంలో విప్పిన పాత పెట్టె మేం వచ్చిన బండిలో ఉంది. నా సంచిలో డమ్మీ కూడా ఉంది. గోలీకాయంత ఉంటుంది. పరీక్షల్లో యాంటెన్నాకు బదులు దాన్ని బిగిస్తాం. శక్తినంతా తాగేసి వేడెక్కడమే దాని పని. పెట్టె మూత విప్పి, అందరూ చూస్తుండగా యాంటెన్నా ఊడదీసి జమ్కు అవ్వ ఒళ్లో పెట్టాను. దాని చోట డమ్మీ బిగించాను.

"గీ రేకే కబురు పంపేది అవ్వా. ఇప్పుడది నీ ఒళ్లె ఉంది. డబ్బాకు రేకు లేదు. సరేనా? ఇగ నొక్కు."

నొక్కింది. పచ్చ లైటు వెలిగింది.

ఆడవాళ్లంతా దగ్గరికి జరిగారు. మీట వదలకుండా అట్లే పట్టుకొమ్మని చెప్పి, రెండో చేతి వేళ్లు డమ్మీ మీద పెట్టమన్నాను. కాసేపటికి ఆమె చెయ్యి చటుక్కున తీసేసింది.

"ఎచ్చగైతాంది."

"గా ఎచ్చదనంలనే పోయింది అవ్వా, సక్రమ్మ పంపిన కబురు. బయటికి రాలే."

ఆమె ఒళ్లో ఉన్న రేకును చాలాసేపు చూసింది. వాళ్ల భాషలో పక్కనున్నవాళ్లతో ఏదో అంది. తర్వాత నన్ను అడిగింది.

"అంటే గా దినం నొక్కిందా?"

"నొక్కింది."

"మల్ల నొక్కలేదని ఎట్ల చెప్పినవు?"

"నాకు తెల్వక."

"తెల్వకపోతే తెల్వదనాలె గద సారూ."

తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తగిలించినా బాగుండేది. ఆమె రేకును నా చేతిలో పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, లేచి నడిచిపోయి సక్రి గడపలో ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నేను ఆ గోడకే కొత్త పెట్టె బిగించాను. సక్రికి క్షమించమని చెప్పాను. క్షమించాల్సిన అవసరం ఆమెకేమీ లేదు.

తిరిగొచ్చి యజమానికి జరిగింది చెప్పాను. ఆయన కోపం ఆయనకు వచ్చింది, కొన్నాళ్లకు పోయింది.

మీకు చెప్పేది

కాలేజీల్లో పిల్లలు గుంతల బొమ్మలు తెచ్చి చూపిస్తారు. "బయటికి ఎంత పోతుంది?" అని అడుగుతాను. ముఖాలు చూసుకుంటారు. ముసలాయన విసిగిస్తున్నాడని అనుకుంటారు, అనుకోనివ్వండి. ఎంత లోతు గుంత పడితే అంత భయపడండి. చవకగా, చిన్నగా, అన్నీ ఒకదానిలోనే అని ఎవరైనా అడిగితే, దేన్ని వదులుకోవాలో వాళ్లకు మొదటే చెప్పండి. ఇక వాడినవాళ్లదే తప్పు అనే మాట ఉందే, అది మన పనిలో అన్నిటికంటే సులువుగా నోటికొచ్చే మాట. అక్కడికి పోయి, వాళ్ల గడపలో నిలబడి చూడకుండా ఆ మాట అన్నవాడు ఇంజనీరు కాడు. ఈ లెక్కన నేను చాలా ఏళ్లు ఇంజనీరును కాను.

రిటైరయ్యాక ఒకసారి మహబూబాబాద్ దగ్గర కురవి దాకా ఏదో పని మీద పోయి, ఉండబట్టలేక తండాకు కూడా పోయాను. వానాకాలమే. టేకు చెట్లు ఆకు మీద ఆకుతో మూసుకుపోయి ఉన్నాయి. సక్రి నన్ను గుర్తుపట్టి కూర్చోమంది, చాయ్ ఇచ్చింది. ఆడవాళ్లు ఆమె ఇంటికి వస్తున్నారు, పోతున్నారు. చూసి కొంచెం ఊపిరి తీసుకున్నాను. నేనుండగానే ఒకామె పరుగెత్తుకొచ్చి, చెల్లెలికి నొప్పులొస్తున్నాయంది. సక్రి లేచి మీట నొక్కింది. వెంటనే బీప్ మోగింది. టవరు నుంచి జవాబు వచ్చిందన్నమాట. నా యాంటెన్నా తడి అడవి మీదుగా పలికింది.

సక్రి వాకిట్లోకి పోయి, బండి మీద కూర్చున్న ఒకాయనకు కేకేసింది. "మలుపు కాడికి పో. ఫోన్ కొట్టు. జల్ది పో."

"సక్రమ్మా, మోగింది గద" అన్నాను. "చేరింది. ఈసారి నిజంగనే చేరింది."

"ఇన్న సారు" అంది.

అని, ఆగి చూస్తున్న అతన్ని పొమ్మని మళ్లీ చెయ్యి ఊపింది.